కొబ్బరి చెట్టు ఎక్కేవాళ్లు కాళ్లకు బంధం (రెండు పాదాలనూ కలిపే తాడు చుట్ట) ఎందుకు వేసుకుంటారు?

పాదాలు పక్కలకు విడిపోకుండా, రెండూ కలిసి మానును నొక్కి పట్టడానికి. బరువు నిలిపేది పాదాలకూ మానుకూ మధ్య ఒరిపిడి. ఎంత గట్టిగా నొక్కితే అంత పట్టు. చేతులతో మానును వాటేసుకుని, రెండు పాదాలూ ఒక్కసారే పైకి లాగి, మానుకు అదిమి, మోకాళ్లు చాచి లేస్తారు. బంధం మరీ వదులైతే పాదాలు ఎడమవుతాయి, మరీ బిగువైతే మానుకు రెండు పక్కలా ఆనవు. మట్టలు రాలిన గాట్లు కొంత ఆసరా, అంతే. కోనసీమలో వానలకు మాను మీద పాచి పడితే ఎంత నొక్కినా కాలు జారుతుంది; కాయలు దింపే కార్మికులు ముసురులో ఎక్కడానికి వెనకాడేది అందుకే.

జారితే బంధమే ఆపుతుందని చాలామంది అనుకుంటారు. అది కట్టేది కాళ్లకు, చెట్టుకు కాదు. పడకుండా ఆపాలంటే నడుమునూ మానునూ కలిపి చుట్టే మోకు వేరే ఉండాలి.