ఫ్రీమాంట్, నెవార్క్, యూనియన్ సిటీ: టిఫిన్ సెంటర్‌కి గ్రీన్ బిజినెస్ సర్టిఫికెట్ దండగా?

కాలిఫోర్నియాలోని నెవార్క్‌లో టిఫిన్ సెంటర్ పెడుతున్నాం, కుదిరితే తర్వాత ఫ్రీమాంట్‌లో ఇంకోటి అన్నారు. నీళ్ళు, కరెంటు, చెత్త తగ్గించిన వ్యాపారాలకు సర్టిఫికెట్ ఇచ్చే గ్రీన్ బిజినెస్ ప్రోగ్రాం ఊరికొకటి ఉంటుందా, అన్నిటికీ కలిపి ఒకటేనా, ఆ సర్టిఫికెట్ వల్ల ఒరిగేదేమైనా ఉందా అని అడిగారు. మేం ఫ్రీమాంట్‌లో ఇడ్లీ, దోసెల కొట్టు నడుపుతున్నాం. ఆ సర్టిఫికెట్ మాకుంది కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

తీసుకోండి. కానీ దానివల్ల గిరాకీ పెరుగుతుందని మాత్రం తీసుకోకండి. అద్దం మీద స్టిక్కర్ చూసి దోసె తినడానికి లోపలికొచ్చినవాళ్ళు నాకైతే ఇంతవరకు తగల్లేదు. చట్నీ బాగుంటే వస్తారు, లేకపోతే పక్క కొట్టుకు పోతారు. మిగిలేదంతా నీళ్ళ బిల్లు, గ్యాస్ బిల్లు, చెత్త బిల్లుల్లోనే.

ఇక ఊరికొకటా అన్న మాట. బే ఏరియాలో ఈ గ్రీన్ బిజినెస్ ప్రోగ్రాం 1990ల నుంచీ ఉంది. 2011లో ఏబీ 913 అనే చట్టంతో కాలిఫోర్నియా మొత్తానికీ ఒక రూపం వచ్చింది. మనకు చూసేది అలమేడా కౌంటీ వాళ్ళు. నెవార్క్, ఫ్రీమాంట్, యూనియన్ సిటీ మూడూ ఈ కౌంటీలోవే కాబట్టి చెక్‌లిస్టు మారదు. మిల్‌పిటస్ దాకా వెళ్తే కౌంటీ మారుతుంది, ఆఫీసు వేరు. మాకు తెలిసినవాళ్ళు అక్కడ చేయించుకున్నారు, వాళ్ళ చెక్‌లిస్టు కూడా దాదాపు ఇదే.

ఈ మూడు ఊళ్ళకు ఇలా ఉమ్మడిగా నడుపుకోవడం కొత్త సంగతేం కాదు. కుళాయి నీళ్ళు మూడింటికీ అలమేడా కౌంటీ వాటర్ డిస్ట్రిక్టే ఇస్తుంది, 1914 నుంచీ ఉంది. మురుగునీరు మూడు ఊళ్ళదీ యూనియన్ శానిటరీ డిస్ట్రిక్ట్ శుద్ధి చేస్తుంది, అది 1918లో పెట్టింది. డ్రైనేజీ పైపుకు ఊరి పొలిమేరలతో పనేముంది! చెత్త తగ్గించే పనికి స్టాప్‌వేస్ట్ అని ఒక ఉమ్మడి సంస్థ ఉంది, కౌంటీ, అందులోని 14 ఊళ్ళు, రెండు శానిటరీ డిస్ట్రిక్టులు కలిసి నడుపుకుంటాయి. చిన్న ఊరు ఒక్కటే ఒక ఇంజనీరునో, చెత్త నిపుణుణ్ణో జీతమిచ్చి పెట్టుకోలేదు. నలుగురూ కలిస్తే పెట్టుకోవచ్చు. నెవార్క్ లాంటి చిన్న ఊళ్ళో కొట్టు పెట్టేవాళ్ళకు దీనివల్లే ఎక్కువ మేలు, పెద్ద ఊరి కొట్టుకు దొరికే సలహా మీకూ దొరుకుతుంది.

అయితే ఒకటి మాత్రం ఉమ్మడి కాదు. చెత్త ఎత్తే కంపెనీతో ఒప్పందం ఏ ఊరిది ఆ ఊరిదే, రేటు కూడా. ఫ్రీమాంట్‌లో నాకు ఎంత పడుతోందో చెప్తే మీకు పనికిరాదు. మీ సిటీ వెబ్‌సైట్‌లో రేట్ల పట్టిక ఉంటుంది, అది చూసుకోండి. ఏ డబ్బాలో ఏం వేయాలన్న దాంట్లో కూడా చిన్న చిన్న తేడాలుంటాయి, ముఖ్యంగా ‘కంపోస్టబుల్’ అని రాసి ఉండే ప్లాస్టిక్ గ్లాసుల విషయంలో. కొనేముందే అడగండి. గ్లాసులు కొనేశాక అడిగితే స్టోర్‌రూమ్‌లో పడి ఉంటాయి.

అసలు గ్రీన్ ప్రోగ్రాం వాళ్ళొచ్చి ఏం చేస్తారు అన్నది చాలామందికి తెలియదు. తనిఖీ అనుకుని టెన్షన్ పడతారు. మా దగ్గరకొచ్చినావిడ నేరుగా గిన్నెలు కడిగే చోటికి వెళ్ళింది. సింకు మీద వేలాడే స్ప్రే ఉంటుంది కదా, ప్లేట్ల మీది ఎంగిలి కొట్టేసేది, దాన్ని ఒక బకెట్‌లోకి తిప్పి ఫోన్‌లో సెకన్లు చూసింది. నిమిషానికి ఎన్ని గ్యాలన్లు పోతున్నాయో లెక్కగట్టి చెప్పింది. కొత్తగా తయారయ్యే స్ప్రేలు నిమిషానికి 1.28 గ్యాలన్లు దాటకూడదని 2019 నుంచీ ఫెడరల్ రూలు, పాతవి అంతకంటే చాలా ఎక్కువ పోస్తాయి. మీరు పాత రెస్టారెంట్‌ని సామానుతో సహా తీసుకుంటుంటే మొదట మార్చాల్సింది ఇదే. చవకైన వస్తువు, పైగా ఆదా అయ్యేవి వేడినీళ్ళు, అంటే నీళ్ళతో పాటు గ్యాస్ కూడా.

తర్వాత ఫ్రిజ్‌ల దగ్గరకెళ్ళి తలుపు మధ్య ఒక డాలర్ నోటు పెట్టి మూసింది, లాగి చూసింది. ఇట్టే వచ్చేస్తే రబ్బరు పోయినట్టు. మా వాక్-ఇన్ (లోపలికి నడిచి వెళ్ళే పెద్ద ఫ్రిజ్ గది) బాగానే ఉంది, పిండి పెట్టుకునే ఫ్రిజ్ తలుపు నుంచి మాత్రం నోటు జారిపోయింది. ఆ పరీక్ష మీరే చేసుకోవచ్చు, ఎవరూ రానక్కర్లేదు.

ఆవిడకు మన వంటిల్లు కొత్త. గ్రైండర్ చూసి ఇదేమిటంది. బియ్యం, మినప్పప్పు కడగడానికి అన్ని నీళ్ళెందుకు అని అడిగింది. చెక్‌లిస్టులో అలాంటి గడి లేదు మరి! ఇంటి దగ్గరైతే ఆ కడుగునీళ్ళు కుడితిలో పోసేవాళ్ళం, ఇక్కడ సింకులో పోవడమే. కుళాయి కింద పెట్టి వదిలేయకుండా గిన్నెలో పట్టి రెండుసార్లు కడగమని తేల్చింది. మా అమ్మ కూడా అదే చెప్పేది అనుకోండి.

నూనె దగ్గర మాత్రం చాలా పట్టుదలగా ఉంటారు. పునుగులు, బజ్జీలు వేసిన నూనె సింకులో పోయకూడదని అందరికీ తెలుసు. సాంబారు, కుర్మా అంటిన గిన్నెల సంగతే ఎవరూ పట్టించుకోరు. నీళ్ళు తగలకముందే రబ్బరు గరిటెతో గీకి తిండి వ్యర్థాలు వేసే ఆకుపచ్చ డబ్బాలో వేయాలి. అప్పుడు గ్రీజ్ ఇంటర్‌సెప్టర్, అంటే డ్రైనేజీలోకి పోకుండా జిడ్డును పట్టే తొట్టి, అంత తొందరగా నిండదు, నిండకపోతే పంపింగ్ ఖర్చూ తగ్గుతుంది. ఈ ఒక్క అలవాటు కుర్రాళ్ళకు పట్టించడానికి మాకు చాలాకాలం పట్టింది. చివరికి పనిచేసింది బొమ్మల పోస్టర్. మా గిన్నెలు కడిగే అతను స్పానిష్ మాట్లాడతాడు, నా స్పానిష్ అంతంతమాత్రం. స్టాప్‌వేస్ట్ పోస్టర్లు స్పానిష్‌లోనూ ఉంటాయి, ఉచితం. లోపల పెట్టుకునే డబ్బాలు కూడా ఉచితంగా ఇస్తున్నారేమో అడగండి. మాకు ఇచ్చారు.

ఇందులో సగం పనులు సర్టిఫికెట్ కోసం కాకపోయినా చట్టం కోసం చేయాల్సినవే. ఎస్‌బీ 1383 అనే రాష్ట్ర చట్టం ప్రకారం 2022 జనవరి 1 నుంచీ కాలిఫోర్నియాలో వ్యాపారాలు తిండి వ్యర్థాలను వేరుగా వేయాలి. తప్పితే మొదటిసారి 50 నుంచి 100 డాలర్లు, మూడోసారికి 250 నుంచి 500 దాకా జరిమానా ఉంది. పార్సిల్‌లో చెంచాలు, సాస్ పొట్లాలు అడిగితేనే ఇవ్వాలన్న ఏబీ 1276 కూడా అప్పటి నుంచే. దానికి మాత్రం నేను దండం పెడతాను. దోసె తినడానికి ప్లాస్టిక్ ఫోర్కు ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడు అవి కొనే ఖర్చు సగానికి సగం తగ్గింది.

క్యాటరింగ్ కూడా చేస్తారా? అయితే వక్కాకు ప్లేట్ల గురించి జాగ్రత్త. మనవాళ్ళు పెళ్ళిళ్ళకు, సత్యనారాయణ వ్రతాలకు అవే వాడతారు, చూడ్డానికి అంతకంటే పర్యావరణహితమైనది లేదనిపిస్తుంది. కానీ 2025 మేలో ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ), వక్కచెట్టులోని రసాయనాలు ఆహారంలోకి దిగుతాయని, ఆ ప్లేట్లను తినే వస్తువులకు వాడొద్దని పరిశ్రమకు లేఖ రాసింది. సర్టిఫికెట్‌కి మార్కులొస్తాయని కార్టన్లకు కార్టన్లు కొనిపెట్టుకోకండి. చెరుకుపిప్పి ప్లేట్లయితే పీఎఫ్ఏఎస్ (నూనె, తడి పీల్చకుండా కలిపే, ఎన్నాళ్ళకూ కరగని రసాయనాలు) కలపలేదని సరఫరాదారు దగ్గర కాగితం తీసుకోండి, 2023 నుంచీ కాలిఫోర్నియాలో పేపర్, పిప్పి ప్యాకింగ్‌లో అది నిషేధం. అన్నిటికంటే మంచిది స్టీలు పళ్ళెమే. లోపల కూర్చుని తినేవాళ్ళకు మేం స్టీలు పళ్ళేలే పెడుతున్నాం.

స్టవ్వు, ఫ్రయర్, ఫ్రిజ్ కొత్తవి కొంటుంటే తొందరపడొద్దు. మాకు సామాను అమ్మిన ఒకాయన ‘ఇది ఎనర్జీ సేవింగ్ మోడలే మేడం’ అంటూ అంటగట్టబోయాడు, కొన్నవాళ్ళకు కొంత డబ్బు తిరిగిచ్చే రిబేట్ జాబితాలో చూస్తే అది లేదు. శాన్ రమోన్‌లో ఫుడ్ సర్వీస్ టెక్నాలజీ సెంటర్ అని ఒకటుంది, వంటగది పరికరాలు ఎంత గ్యాస్, ఎంత కరెంటు తాగుతాయో ఏళ్ళ తరబడి పరీక్షిస్తున్నారు. వాళ్ళ పరీక్షల ఫలితాలు ఎవరైనా చూసుకోవచ్చు. దుకాణానికి వెళ్ళేముందు మోడల్ నంబరు రాసుకుని వెళ్ళండి.

సర్టిఫికెట్‌కి మాకు ఫీజు పడలేదు. మన ఖర్చల్లా స్ప్రేలు, బల్బులు, ఫ్రిజ్ రబ్బర్లు, ఇంకా మన టైము. చెక్‌లిస్టు ఆన్‌లైన్లో నింపాలి, బిల్లులు ఎక్కించాలి. అందుకే తెరిచిన మరుసటి వారమే మొదలుపెట్టకండి. కొన్ని నెలల బిల్లులు చేతిలో ఉంటే ఏది తగ్గిందో మీకే తెలుస్తుంది. కొట్టు తెరిచిన కొత్తలో మీకు ఉప్మాలో ఉప్పు చూసుకునే తీరికే ఉండదు, ఇదెక్కడ చూస్తారు.

ఫ్రీమాంట్‌లో రెండోది పెట్టినప్పుడు దానికి మళ్ళీ విడిగా చేయించుకోవాలి, సర్టిఫికెట్ యజమానికి కాదు, ఆ అడ్రసుకు ఇస్తారు. చెక్‌లిస్టు తెలిసే ఉంటుంది కాబట్టి రెండోసారి తేలిక.

నెవార్క్ కొట్టు స్ట్రిప్ మాల్‌లో అయితే ఇంకో చిక్కుంది. అక్కడ చెత్త డబ్బాలు చాలాచోట్ల అన్ని కొట్లకూ ఉమ్మడిగా ఉంటాయి, బిల్లు మాల్ ఓనరుకు పోతుంది, ఆయన దాన్ని కామ్ ఛార్జీల్లో (ఉమ్మడి స్థలం నిర్వహణ ఖర్చుల్లో) కలిపి అందరికీ పంచుతాడు. మీరు ఎంత చెత్త తగ్గించినా ఆ ఆదా మీ జేబులోకి రాదు. గ్రీజ్ ఇంటర్‌సెప్టర్ కూడా పక్క పిజ్జా కొట్టుతో ఉమ్మడి అయితే వాళ్ళ గ్రీజుకు కూడా మీరు డబ్బు కట్టాల్సి వస్తుంది. లీజు మీద సంతకం పెట్టకముందే ఈ రెండూ ఎలా ఉన్నాయో అడిగి, వీలైతే చెత్త ఖాతా మీ పేరు మీదకు విడిగా రాయించుకోండి.