కౌబాయ్ పోటీల్లో రైఫిల్ బుల్లెట్‌కి కనీస బరువు ఉందా?

మీ ప్రశ్న ఇదీ: .38 స్పెషల్ తూటాల్లో 95 గ్రెయిన్ల బుల్లెట్ (తూటా కొసన ఉండే సీసం ముక్క) పెట్టి, 1873 మోడల్ లీవర్ రైఫిల్‌తో సాస్ పోటీకి వెళ్ళొచ్చా? 105కి తగ్గితే రానివ్వరని మీ క్లబ్బులో ఒకాయన అన్నారు, అది నిజమేనా?

నిజం కాదండి. సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ, అదే సాస్, నియమావళిలో బుల్లెట్‌కి కనీస బరువు అంటూ ఏమీ లేదు. ఉన్నది పవర్ ఫ్యాక్టర్. బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకి అడుగుల్లో తీసుకుని రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే సంఖ్య 60కి తగ్గకూడదు. వేగం 400 అడుగులకి తగ్గకూడదు. వేగానికి పైహద్దు రివాల్వర్‌కి 1000 అడుగులు, రైఫిల్‌కి 1400. అయితే ఆయన మాటని పూర్తిగా కొట్టిపారేయకండి, ఎందుకో కింద చెప్తాను.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పాతకాలపు కౌబాయ్ వేషం వేసుకుని, ఒక మారుపేరు పెట్టుకుని, రెండు రివాల్వర్లు, ఒక లీవర్ రైఫిల్, ఒక షాట్‌గన్‌తో ఇనుప పలకల్ని టైమర్ మీద కొట్టాలి. సాస్ 1987లో మొదలైంది. నేను టెక్సాస్‌లో మా ఊరి దగ్గరి క్లబ్బులో ఆడుతుంటాను, తూటాలు ఇంట్లోనే నింపుకుంటాను. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట: హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. లాయర్‌ని అడగకుండా స్నేహితుడి రైఫిల్ కూడా చేతిలోకి తీసుకోకండి.

ఇక లెక్క. గ్రెయిన్ అంటే చాలా చిన్న కొలత. పాత కంసాలి త్రాసులో వేసే గురివింద గింజ ఒక్కటే ఇంచుమించు రెండు గ్రెయిన్లు తూగుతుంది. 95 గ్రెయిన్ల బుల్లెట్ 60 అందుకోవాలంటే సుమారు 632 అడుగుల వేగం కావాలి. 105కి 572 సరిపోతుంది, 125కి 480 చాలు. 158కి లెక్క ప్రకారం 380 వస్తుంది, కానీ 400 నియమం అడ్డొస్తుంది కాబట్టి 400 ఉండాల్సిందే. అంటే బుల్లెట్ తేలికైన కొద్దీ వేగం పెంచుకుంటూ పోవాలి. తేలికది వాడి, కాల్చినప్పుడు మనకి వెనక్కి తగిలే దెబ్బ బాగా తగ్గించుకుందాం అనుకునేవాళ్ళకి ఇక్కడే బ్రేకు పడుతుంది.

మరి ఆ 105 ఎక్కడి నుంచి వచ్చింది? నా అనుభవంలో అది నియమం నుంచి కాదు, రైఫిల్ నుంచి వచ్చింది. 1873 మోడల్‌లో లీవర్ కిందికి తొయ్యగానే క్యారియర్ అనే దిమ్మ తూటాని పైకి ఎత్తుతుంది. ఆ దిమ్మలో తూటా పొడవునా సరిగ్గా కూర్చుంటేనే వెనకాల తూటా మ్యాగజైన్ గొట్టంలో ఆగుతుంది. తేలిక బుల్లెట్ సాధారణంగా పొట్టిగా ఉంటుంది. దాన్ని మామూలు లోతులో బిగిస్తే మొత్తం తూటా పొడవు తగ్గుతుంది, వెనకాల తూటా అంచు దిమ్మలోకి జొరబడుతుంది, లీవర్ సగంలో బిగుసుకుపోతుంది. టైమర్ నడుస్తుంటే ఆ లీవర్‌తో కుస్తీ పట్టడం ఎంత టెన్షనో చూసినవాళ్ళకే తెలుసు. అందుకే మీ 95 గ్రెయిన్లవి పెట్టి ముందు డమ్మీ తూటాలు చేసుకోండి, అంటే తుపాకీ మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేనివి. ఒక పది మ్యాగజైన్‌లో నింపి, రైఫిల్‌ని సురక్షితమైన దిక్కుకి తిప్పి, నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి లీవర్ ఆడించండి. ఎక్కడైనా తట్టుకుంటే బుల్లెట్‌ని కాస్త పైకి బిగించి మళ్ళీ చూడండి. బుల్లెట్ మొన బల్లపరుపుగా ఉన్నదే వాడాలని వేరే చెప్పక్కర్లేదు. మ్యాగజైన్ గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి, మొనదేలిన బుల్లెట్ ముందున్న తూటా ప్రైమర్‌కి గుచ్చుకుంటే లోపలే పేలొచ్చు. బుల్లెట్ పూర్తి సీసంది కావాలి, రాగి తొడుగు ఉన్నది ఒప్పుకోరు. రంగు పాలిమర్ పూత ఉన్నది పర్వాలేదు.

వేగం కొలవడానికి క్రోనోగ్రాఫ్ కొనుక్కోండి, లేదా క్లబ్బులో ఎవరినైనా అడగండి. ఒకే తూటా రివాల్వర్‌లోనూ రైఫిల్‌లోనూ వాడేట్టయితే ముందు రివాల్వర్‌తో కొలవండి. దాని గొట్టం, అంటే బ్యారెల్, పొట్టి, పైగా సిలిండర్ దగ్గరి సందులోంచి కొంత పీడనం బయటికి పోతుంది. రైఫిల్‌లో సాధారణంగా వేగం పెరుగుతుంది. కానీ మందు మరీ తక్కువైతే ఆ పొడుగు గొట్టమే శత్రువు. రాపిడికి బుల్లెట్ వేగం పెరగకపోగా తగ్గొచ్చు, గొట్టంలోనే ఆగిపోవచ్చు కూడా. మా బృందంలో ఒకాయనకి ఒక చలి ఉదయం అలాగే జరిగింది. ఢాం అనాల్సింది తుస్సుమంది. టైమర్ పట్టుకున్నాయన అరిచి ఆపకపోతే ఆయన లీవర్ తిప్పి తర్వాతిది కాల్చేసేవాడే, గొట్టం ఉబ్బిపోయేది. ఎండాకాలం మధ్యాహ్నం కొలిచిన తూటా డిసెంబర్ పొద్దున అంతే వేగం ఇస్తుందని అనుకోకండి. అందుకే నేను 60 మీద గీత గీసినట్టు నింపను, 70కి కాస్త అటూ ఇటూ ఉంచుతాను. మందు కొలతలు ఇక్కడ రాయను. మందు తయారు చేసిన కంపెనీ ప్రచురించిన పట్టికే చూడండి, అందులో ఉన్న కనీస కొలతకి కిందికి దిగకండి. .38 కేసు, అంటే తూటా డొల్ల, లోపల ఖాళీ ఎక్కువ, పొరపాటున మందు రెండుసార్లు పడినా పొంగదు. ప్రతి కేసులోకీ లైటు వేసి చూశాకే బుల్లెట్ పెట్టండి.

పెట్టె మీద రాసిన బరువుని కూడా గుడ్డిగా నమ్మొద్దు. సీసం మిశ్రమాన్ని బట్టి ఒకే అచ్చులో పోసినవే ఒకటి రెండు గ్రెయిన్లు తేడా వస్తాయి. కొన్ని తీసి త్రాసు మీద పెట్టి, తక్కువ తూగినదాన్ని పట్టుకుని లెక్క వెయ్యండి.

ఇంకో సంగతి నియమాల పుస్తకం చదివితే తెలియదు. తగిలిందా లేదా అనేది పక్కన నిలబడే ముగ్గురు స్పాటర్లు కళ్ళతోనూ చెవులతోనూ తేలుస్తారు. ముగ్గురిలో ఇద్దరు తగల్లేదంటే షూటర్ సమయానికి 5 సెకన్లు కలుస్తాయి. అనుమానం ఉంటే షూటర్‌కే లాభం అన్నది నియమం, నిజమే. కానీ దూరంగా పెట్టిన రైఫిల్ పలక అంచుకి తేలిక బుల్లెట్ నెమ్మదిగా తగిలితే చిన్న టిక్కుమని ఊరుకుంటుంది. చెవులకి మఫ్‌లు, పైన గాలి, వెనకాల కబుర్లు. 125ది తగిలితే ఖంగుమంటుంది, ఎవరూ అడగరు. మంచి షూటర్లు చాలామంది దెబ్బ తక్కువ కోసం 105 వాడటం చూశాను, వాళ్ళ గురికి అది సరిపోతుంది. అంచులు కొట్టే నాలాంటివాళ్ళకి 125 ఇచ్చే మోత ముందు ఆ కాస్త తేలిక ఏ మూలకీ రాదు.

సాస్‌వాళ్ళదే ఇంకో రకం పోటీ అయిన వైల్డ్ బంచ్‌కి కూడా ఇదే రైఫిల్ తీసుకెళ్దామనుకుంటే కుదరదు. అక్కడ రైఫిల్ .40 క్యాలిబర్‌కి తగ్గకూడదు, పవర్ ఫ్యాక్టర్ 150. అంటే 200 గ్రెయిన్లకి 750 అడుగులు. .38కి అక్కడ చోటే లేదు.

మీ 95ల పెట్టె పారెయ్యకండి. డమ్మీలు రైఫిల్‌లో సాఫీగా ఆడి, రివాల్వర్ వేగం 740 దగ్గర నిలబడితే నిశ్చింతగా పోటీకి పట్టుకెళ్ళండి. ఆడకపోతే వాటిని రివాల్వర్లకి ఉంచుకుని రైఫిల్‌కి ఒక పెట్టె 125లు కొనుక్కోండి. రెండు రకాలు వాడితే మాత్రం వేర్వేరు రంగు పూత ఉన్నవి తీసుకోండి, లోడింగ్ టేబుల్ దగ్గర హడావుడిలో కలిసిపోవు.