గౌతమి గోదావరికి ఉపనదా, పాయా?

సందేహం: మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టులో 'గోదావరి ఉపనదులు: ప్రాణహిత, ఇంద్రావతి, శబరి, గౌతమి, వశిష్ఠ' అని రాసింది. గౌతమిని ఉపనది అనవచ్చా? 'మంజీర గోదావరిలో కలుస్తుంది', 'గోదావరిని కలుస్తుంది', వీటిలో ఏది సరైనది?

సమాధానం: అనకూడదండీ. గౌతమినీ వశిష్ఠనూ ఆ వరసలోంచి తీయించేయండి. పెద్ద నదికి నీళ్లు తెచ్చిపోసేది ఉపనది, దాని నుంచి నీళ్లు పంచుకుని పోయేది పాయ. జుట్టును పాయలు తీస్తాం అన్నప్పుడు ఉన్న విడదీయడమే ఇక్కడా ఉంది. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది, వశిష్ఠలోంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది, ఈ పాయల నడుమ ఉన్నదే కోనసీమ. రాజమండ్రి దగ్గర ఇంకా చీలని నదిని అఖండ గోదావరి అంటారు చూడండి, ఎంత కచ్చితమైన మాటో!

తికమకకు ఇంకో కారణం కూడా ఉంది. పురాణాల్లో గౌతమి అంటే త్ర్యంబకం నుంచి సముద్రం దాకా మొత్తం గోదావరే, గౌతమ మహర్షి తెచ్చిన నది అని. మ్యాపులో గౌతమి అంటే మాత్రం యానాం పక్కగా పోయే తూర్పు పాయ ఒక్కటే. అందుకని పాత పద్యంలో 'గౌతమీ తీరం' కనిపిస్తే అది నాసిక్ దగ్గరి సంగతి కూడా కావచ్చు.

ఇక రెండో ప్రశ్న. కందకుర్తి దగ్గర మంజీర గోదావరిలో కలిశాక మంజీర అన్న పేరు ఉండదు, కిందికి పోయేదంతా గోదావరే. ఆ సంగతి 'లో' బాగా చెబుతుంది. 'గోదావరిని కలుస్తుంది' తప్పని అనను గానీ, మనిషి మనిషిని కలిసినట్టు వినిపిస్తుంది, భూగోళం రాసేటప్పుడు 'లో'నే వాడమంటాను. ప్రాణహిత పుట్టే చోట మాత్రం ఈ 'లో' కుదరదు. గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా ఈ ప్రాణహితదే, అయినా ఆ పేరుతో నది పారేది 113 కిలోమీటర్లే, ఎందుకంటే పైన అది వార్ధా, వైన్‌గంగ అనే రెండు నదులు, తుమ్మిడిహెట్టి దగ్గర రెండూ కలిశాకే ప్రాణహిత అవుతుంది, కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. తుమ్మిడిహెట్టి దగ్గర ఏదీ ఇంకోదానిలో కలవలేదు, రెండు పేర్లూ పోయి మూడోది వచ్చింది. కాబట్టి 'వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి' అనే రాయాలి. కూడ్లి దగ్గర తుంగ, భద్ర కలిసి తుంగభద్ర అయినట్టే.

సీలేరును కూడా కొందరు నేరుగా గోదావరి ఉపనదుల్లో వేసేస్తారు. అది కలిసేది శబరిలో, ఆ శబరి కూనవరం దగ్గర గోదావరిలో. అంటే ఉపనదికి ఉపనది.

ప్రాజెక్టులో ఖాళీ అయిన రెండు చోట్లా మంజీర, మానేరు రాయించండి. నీళ్లు పోయే వైపు ముఖం పెట్టి నిలబడితే అమ్మాయి రాసిన మూడూ ఎడమవైపు నుంచి వచ్చేవే, ఈ రెండూ కుడివైపువి. గౌతమి, వశిష్ఠ, వైనతేయలకు 'పాయలు' అని వేరే శీర్షిక పెడితే సరిపోతుంది.