రేసుకు ముందు పెయిన్ కిల్లర్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది సోంపేట దగ్గర పల్లె. డిసెంబరులో 42 కిలోమీటర్ల మారథాన్ కోసం ప్రాక్టీస్ చేస్తున్నాను. దానికి ఐదు వారాల ముందు 21 కిలోమీటర్ల రోడ్డు రేసుకు పేరిచ్చాను. 15 కిలోమీటర్లు దాటితే కుడి మోకాలి చిప్ప దగ్గర నొప్పి వస్తోంది. ముందే ఒక పెయిన్ కిల్లర్ వేసుకుంటే సరిపోతుందని తోటివాళ్లు అంటున్నారు. మా పెదనాన్న డయాలసిస్ మీద ఉన్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆ మాత్ర మాత్రం వేసుకోకండి. మోకాలి కంటే ముందు మీ కిడ్నీల గురించి మాట్లాడాలి. మీది ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో బీపీ, షుగరు లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. జబ్బు బాగా ముదిరేదాకా ఒంట్లో తేడా తెలియదు కాబట్టి, ఇంత దూరం పరిగెత్తగలుగుతున్నాను, నాకేముంటుంది అని ధీమాగా ఉండటానికి లేదు.

గంటల తరబడి పరిగెత్తితే రక్తం ఎక్కువగా కండరాలకు, చర్మానికి మళ్లుతుంది. చెమటతో నీరు పోతుంది. కిడ్నీలకు అందే రక్తం తగ్గుతుంది. ఆ సమయంలో కిడ్నీలోని సన్నని రక్తనాళాలు ముడుచుకోకుండా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కాపాడతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు నొప్పి తగ్గించేది వీటి తయారీని అడ్డుకునే. మన తీరం ఉక్కపోతలో ఆ మాత్ర వేసుకుని 21 కిలోమీటర్లు పరిగెత్తితే, బాగున్న కిడ్నీ కూడా దెబ్బతినవచ్చు.

ఈ వారమే బీపీ చూపించుకుని, సీరం క్రియాటినిన్ (కిడ్నీలు వడపోయాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత ఉందో చూసేది), మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్షలు చేయించండి. పరీక్షకు ముందు రెండు మూడు రోజులు పరుగు ఆపాలి. లాంగ్ రన్ చేసిన మర్నాడు క్రియాటినిన్ కాస్త పెరిగి ఉండవచ్చు, మూత్రంలో ప్రొటీన్ కూడా కనిపించవచ్చు. అది చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె కూడా రాయించుకోండి. తేడా ఉంటే పలాస కిడ్నీ ఆసుపత్రిలో నెఫ్రాలజిస్టుకు చూపించండి. వారు సరే అనేదాకా రేసు వద్దు.

అన్నీ బాగుంటే నిక్షేపంగా పరిగెత్తండి, కానీ ఆ రేసును ప్రాక్టీసుగానే చూడండి. చుట్టూ జనం ఉరుకుతుంటే మొదటి మూడు కిలోమీటర్లలోనే ఊపు వచ్చేస్తుంది. పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగం దాటకండి. మారథాన్ రోజు ఏ బూట్లు వేసుకుంటారో, బయలుదేరే ముందు ఏం తింటారో ఇక్కడే సరిచూసుకోండి. రెండు మూడు గంటల ముందు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు.

తాగే విషయంలో మీ ప్రాంతంవాళ్లు ఎక్కువగా కొబ్బరి నీళ్లనే నమ్ముకుంటారు. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకైతే ఆ పొటాషియం గుండెకే ప్రమాదం. ప్యాకెట్ మీద రాసినట్టు నీటిలో కలిపిన ఓఆర్ఎస్ దగ్గర ఉంచుకుని, దాహమైనప్పుడు కొద్దికొద్దిగా తాగండి. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. బరువు పెరిగిందంటే నీళ్లు మరీ ఎక్కువ తాగారన్నమాట. సోడియం పడిపోతే తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. అదీ ప్రాణం మీదికి వచ్చేదే.

ఇక మోకాలు. దూరం తొందరగా పెంచేసినవాళ్లకు చిప్ప దగ్గర ఇలా నొప్పి రావడం మామూలే. రెండు వారాలు నొప్పి రాని దూరమే పరిగెత్తండి. తొడ, పిరుదు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి. రోడ్డు అంచు వాలులో రోజూ ఒకే వైపు పరిగెత్తే అలవాటుంటే మానండి. మోకాలు వాచినా, పట్టేసినట్టు అయినా, కుంటుతున్నా ఈ రేసు వదిలేసి ఎముకల డాక్టరుకు చూపించండి. పారాసెటమాల్‌తోనైనా సరే, నొప్పిని కప్పిపెట్టి పరిగెత్తితే గాయం ముదురుతుంది.

రేసు తర్వాత మూత్రం కోలా రంగులో వచ్చినా, ఏడెనిమిది గంటలు అసలు రాకపోయినా ఇంట్లో పడుకుని చూద్దాంలే అనుకోవద్దు. కండరాలు విరిగి ఆ వ్యర్థం కిడ్నీలకు చేరుతోందేమో వెంటనే చూడాలి. దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లి ఎంత దూరం పరిగెత్తారో, ఏ మందు వేసుకున్నారో దాచకుండా చెప్పండి.