మోడల్ కొనొద్దు, పాత కుండ ప్రశ్న చాలు

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి ప్రాజెక్టు చేయాలి. షాపులో తయారు మోడల్ దొరుకుతుంది, కొనిద్దామనుకున్నాను. తనేమో 'మన పాత కుండలో నీళ్లు ఎందుకు చల్లబడటం లేదో కనుక్కుంటా' అంటోంది. ఇది ప్రాజెక్టేనా? ముందుముందు చదువుకు పనికొస్తుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇదే ప్రాజెక్టు సార్. మోడల్ కొనకండి. అది ఎప్పుడో తేలిపోయిన విషయాన్ని చూపిస్తుంది. మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం మీ ఇంట్లోనే తేలాలి.

కుండ గోడల్లోని సన్నని రంధ్రాల్లోంచి నీరు ఊరి, బయట ఆవిరవుతుంది. వేసవిలో ఒక గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. అందులో ఎక్కువ భాగం కుండలోని నీళ్ల నుంచే పోతుంది. వాడగా వాడగా నీటిలోని లవణాలు ఆ రంధ్రాలను పూడ్చేశాయేమో? ఇది ఊహ, అంటే పరికల్పన. తప్పని తేలే వీలుంటేనే దానికి విలువ. పాత కుండలోంచి కూడా కొత్త కుండలోంచి పోయినంత నీరే ఆవిరైతే ఈ ఊహ వదిలేయాల్సిందే.

ఒకే సైజువి మూడు పాతవి, మూడు కొత్తవి తీసుకోండి. ఒక్కొక్కటే పెడితే తేడా మట్టిది కావచ్చు, కాల్చడంలో వచ్చింది కావచ్చు. పోలికకు మూతపెట్టిన స్టీలు గిన్నె ఒకటి. అన్నిటిలో రెండేసి లీటర్లు, అవే నీళ్లు, అదే వరండా నీడ, ఒకేలాంటి మూతలు. కొత్త కుండల్ని ముందురోజే నానబెట్టాలి. రెండు గంటలకోసారి థర్మామీటరుతో వేడి, వంటింటి కాటాతో బరువు చూసి రాసుకోవాలి. తగ్గిన బరువే ఆవిరైన నీరు. కనీసం మూడు రోజులు చేయాలి. తర్వాత ఒక పాత కుండను లవణాలను కరిగించే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి మళ్లీ కొలవమనండి. చల్లదనం తిరిగొస్తే ఊహకు బలం వచ్చినట్టే. నాకు బాగా నచ్చే మెట్టు ఇదే.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. అంకెలు అనుకున్నట్టు రాకపోతే దిద్దనివ్వకండి. మీరూ దిద్దకండి. కొట్టివేతలతో సహా ఆ నోట్‌బుక్కునే జడ్జీల ముందు పెట్టమనండి. వాళ్లు నాలుగు ప్రశ్నలు అడిగితే, కొలిచిన పిల్ల చెప్పగలదు, కొన్న పిల్ల చెప్పలేదు.

ఇక చదువు సంగతి. ఈ ప్రాజెక్టుతో ఎక్కడా సీటు రాదు. ఉదాహరణకు, 2015లో మొదలైన తిరుపతి ఐసర్‌లో (సైన్సు చదువు, పరిశోధనల కేంద్ర ప్రభుత్వ సంస్థ) డిగ్రీ, పీజీ కలిపిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌ కోర్సు ఉంది, ఇంటర్ తర్వాత ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. అక్కడ ల్యాబుల్లో రోజూ చేసేది మాత్రం ఈ పనే. ఆ బతుకు తనకు నచ్చుతుందో లేదో ఇప్పుడే కొంత తెలుస్తుంది. స్కూలు పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు కూడా స్కూలు ద్వారా ఆలోచన పంపొచ్చు, ఎంపికైతే 10,000 రూపాయలిస్తారు. అయితే అక్కడ కొత్త ఆలోచన అడుగుతారు కాబట్టి, పూడిన కుండను బాగుచేసే పద్ధతిగా మలిచి పంపాలి.

ఎండలు ఉండగానే మొదలుపెట్టించండి. వానలు పడితే గాలిలో తేమ పెరుగుతుంది, కొత్త కుండ కూడా అంతగా చల్లబరచదు.