మీ ఇంటి గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లు?

అమెరికా నుంచి చలికాలంలో రెండు నెలలు బెంగళూరు వచ్చి మారతహళ్లిలో మా చెల్లెలింట్లో ఉంటాం. ఈసారి పక్క ఫ్లాట్‌లో కొత్తగా పెళ్ళయిన జంట, కడప వైపు వాళ్ళు. వచ్చే నెల న్యూజెర్సీ ప్రయాణం. ఆ అమ్మాయి పెట్టె సర్దుకుంటూ, "ఆంటీ, అక్కడి కొలతలు వేరంట కదా, కప్పుల సెట్ ఒకటి ఇక్కడే కొనుక్కుపోనా?" అని అడిగింది. వద్దన్నాను. కప్పులు అక్కడ ఏ కొట్లోనైనా దొరుకుతాయి. రోజూ బియ్యం కొలిచే మీ స్టీలు గ్లాసు మాత్రం దొరకదు, అది పెట్టుకోమన్నాను.

మన వంటంతా వంతుల లెక్క. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, గ్లాసు ఉప్మా రవ్వకి మూడు గ్లాసుల నీళ్ళు. గ్లాసు చిన్నదైనా పెద్దదైనా అన్నీ దాంతోనే కొలిస్తే చాలు. చిక్కంతా కేకు దగ్గరే. గుడ్డు మీ గ్లాసుని బట్టి పెరగదు కదా! అమెరికా వంటల్లో కప్పంటే సుమారు 240 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళకి 250, అక్కడ టేబుల్‌స్పూన్ కూడా 15 కాదు, 20. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పేమో 180 మాత్రమే. నేను అమెరికా వెళ్ళిన కొత్తలో ఆ కుక్కర్ కప్పుతో పాలు, పెద్ద కాఫీ మగ్గుతో మైదా కొలిచి పెళ్ళిరోజుకి కేకు చేశాను. మా ఆయన ఓ ముక్క తిని, మిగతాది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవచ్చన్నారు.

అందుకే బ్యాటరీతో నడిచే చిన్న కాటా ఒకటి పెట్టెలో వేసుకోండి. మిక్సీకి ఉన్నట్టు 230 వోల్టులు, 120 వోల్టుల గొడవ దానికి లేదు. ఖాళీ గ్లాసు దాని మీద పెట్టి, అంకెని సున్నా చేసి, అంచుదాకా నీళ్ళు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే మీ గ్లాసు అన్ని మిల్లీలీటర్లు. ఆ అమ్మాయి గ్లాసు 210 వచ్చింది. వెంటనే అడుగున మార్కర్‌తో రాసేసుకుంది.

ఆ లెక్క నీళ్ళకే, మైదాకి కాదు. చెంచాతో తేలిగ్గా కప్పులోకి వేసి, చాకు వీపుతో పైన గీసేస్తే 120, 125 గ్రాములు ఉంటుంది. అదే కప్పుని డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాటుతుంది. నా కేకులో ఆ తప్పు కూడా ఉంది. పంచదార కప్పు 200 గ్రాములు. వెన్న కొలవక్కర్లేదు, అమెరికాలో ఒక స్టిక్ అంటే అరకప్పు, 113 గ్రాములు, కాగితం మీద గీతలుంటాయి. ఔన్సు అని ఉంటే మాత్రం ఒక్క క్షణం ఆగండి. ఫ్లూయిడ్ ఔన్సు అంటే 30 మిల్లీలీటర్లకి కొంచెం తక్కువ, ఉత్త ఔన్సు 28 గ్రాముల బరువు. పాలూ నూనే కొలిచే జగ్గుని చేత్తో పైకెత్తి చూడొద్దు. గట్టు మీద పెట్టి, మీరే వంగి గీతకి సమంగా చూడండి.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది ఉప్పు. మనింట్లో ఆవకాయకి కల్లుప్పు ఎండబెట్టి దంచుతాం. అది పలుకుగా ఉంటుంది, గ్లాసులో సందులు మిగులుతాయి. అక్కడి సన్నటి టేబుల్ సాల్ట్ అదే గ్లాసులో ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి ఏడు అమ్మ చెప్పిన గ్లాసు లెక్కే వేస్తే జాడీ జాడీ నోట పెట్టలేకపోయాం. భయపడి మరుసటేడు కోషర్ ఉప్పు తెచ్చాను. పొరలు పొరలుగా ఉండే ఆ రకం టేబుల్ సాల్ట్‌లో దాదాపు సగమే తూగుతుంది. నెల తిరక్కుండానే ముక్కల మీద బూజు.

కాబట్టి విమానం ఎక్కేముందు అమ్మ ఉప్పు డబ్బాలోంచి ఒక గ్లాసు, కారం ఒక గ్లాసు, ఆవపిండి ఒక గ్లాసు తూచి గ్రాముల్లో రాసుకోండి. ఆవిడ విసుక్కుంటుంది. మూడో ఏడు నేను తూస్తూ కూర్చుంటే మా అమ్మ, "బంగారం కొంటున్నావా ఏమే?" అంది. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉంది, నూనె మరకలతో.