అలసట పాఠంతోనా, ఉద్యోగంతోనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కర్నూలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో 11 ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. పొద్దున స్టడీ అవర్‌తో మొదలైతే రాత్రి పేపర్లు దిద్దేదాకా పనే. వేసవిలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి. గొంతు పోతోంది, పిల్లల్ని చూస్తేనే విసుగొస్తోంది. మానేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటారా?

జవాబు: అమ్మా, రాజీనామా ఇప్పుడే ఇవ్వొద్దు. పిల్లల మీద విసుగొస్తోందని మీరు చెడ్డ టీచరేమీ అయిపోలేదు. సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం... ఈ మూడింటినీ కలిపే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌గా నిర్వచించింది. అది జబ్బు కాదనీ, తగ్గని పని ఒత్తిడి వల్ల వచ్చేదనీ చెప్పింది. అయితే రక్తహీనత, థైరాయిడ్ వల్ల కూడా ఇలాగే నీరసం వస్తుంది కాబట్టి ముందు రక్తపరీక్షలు చేయించుకోండి. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. నిద్ర పట్టక, బతుకు మీదే ఆశ పోతున్నట్టుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416కు, ఫోన్ చేయండి. ఉచితం.

తర్వాత రెండు వారాలు ఒక నోటుబుక్కులో ఆ రోజు చేసిన ప్రతి పని పక్కన ప్లస్సో మైనస్సో వేయండి. క్లాసులో ప్లస్‌లు పడి, అడ్మిషన్ల ఫోన్ల దగ్గరా మార్కుల రివ్యూ మీటింగుల దగ్గరా మైనస్‌లు పడితే మారాల్సింది కాలేజీయే, వృత్తి కాదు. ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ పోస్టుకు మీ పీజీ చాలు, బీఈడీ అడగరు. ఏపీపీఎస్సీ ప్రకటన మీద కన్నేసి ఉంచండి.

క్లాసులోనూ మైనస్‌లే అయితే మారండి. కానీ నాలుగు నెలల కోడింగ్ కోర్సు చేస్తే 22 ఏళ్ల ఫ్రెషర్ల వరుసలో చివర నిలబడాలి, ఈ 11 ఏళ్లూ లెక్కలోకే రావు. ఆ అనుభవానికి విలువ కట్టేవి ప్రశ్నల తయారీ, ఆన్‌లైన్ పాఠాల రూపకల్పన, తెలుగు–ఇంగ్లిష్ కంటెంట్ పరిశీలన. ఒకే చాప్టర్ నుంచి 20 ప్రశ్నలు తయారు చేయండి. ప్రతి తప్పు ఆప్షన్ వెనకా ఒక కారణం ఉండాలి. గంటకు 72 కి.మీ.ని సెకనుకు 20 మీటర్లుగా మార్చడం మరచిన పిల్లాడికి ఏ జవాబు వస్తుందో అదే ఒక ఆప్షన్ కావాలి. ఏ పొరపాటుకు ఏ ఆప్షనో పక్కనే రాయండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు బయోడేటా కన్నా ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది. ఉద్యోగంలో ఉండగానే ఆదివారాలు ఇలాంటి పని ఒకటి రెండు చేసి చూడండి. రోజంతా స్క్రీన్ ముందు కూర్చోవడం మీకు పడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఈఎంఐలతో కలిపి ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని, పబ్లిక్ పరీక్షలు అయ్యాకే మానండి. మధ్యలో మానేస్తే పిల్లలకు నష్టం, మీకు సర్వీస్ సర్టిఫికెట్ దగ్గర పేచీ. అపాయింట్‌మెంట్ ఆర్డరులో నోటీసు గడువు ఎంతో చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంటే వాటిని తిరిగివ్వమని జాబితాతో లేఖ ఇచ్చి, కాపీ మీద రిసీవ్డ్ సంతకం తీసుకోండి.

పీఎఫ్ పాస్‌బుక్కులో సర్వీసు పదేళ్లు దాటి ఉంటే పింఛనుకు అర్హత వచ్చినట్టే. కాలేజీ మీ ఎగ్జిట్ తేదీని, అంటే మీరు మానిన తేదీని, నమోదు చేయకపోతే క్లెయిము ఆగిపోతుంది. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆ తేదీని పీఎఫ్ పోర్టల్లో మీరే వేసుకోవచ్చు. టీచర్లకు గ్రాట్యుటీ లేదని యాజమాన్యం అంటే నమ్మొద్దు. ప్రైవేటు స్కూళ్ల టీచర్లకూ వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26,000 అయితే, నెలను 26 రోజులుగా లెక్కగట్టి 15 రోజుల జీతం కింద ఏడాదికి 15,000 చొప్పున 11 ఏళ్లకు 1,65,000 రూపాయలు రావాలి. మానిన వెంటనే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి.